ప్రభాకర్ విడాకుల కాగితం, నా ఆమేన్

నిలబడ్డవాణ్నీ పడ్డవాణ్నీ ఒకే చేత్తో పట్టుకునే దేవునికి ముందుగా స్తోత్రం. మేలుకున్నప్పుడు కాచినందుకు స్తోత్రం, నిద్రలో కాచినందుకు మరీ ముఖ్యంగా స్తోత్రం. కూర్చుని నిద్రపోయేవాళ్లను కూడా ఆయన వదిలిపెట్టడని చెప్పడానికి నాకంటే పెద్ద సాక్షి, పరాయి దేశంలోని ఈ మా ప్లెయిన్స్‌బరో ఊళ్లో దొరకడు.

ఇక నా ఘనకార్యానికి వస్తాను. పది పన్నెండేళ్ల కిందటి మాట. సరిగ్గా మూడు రోజుల్లో నా సంసారాన్నీ, ఇంకొకరి పెళ్లినీ, మా తెలుగు క్రైస్తవ సంఘం పరువునూ ఒకేసారి ముంచబోయాను. అది కూడా ఉపవాసం ఉండి మరీ.

అప్పట్లో నేను సంఘ పెద్దని. నలభై రెండేళ్లు, కొత్త సూటు, ఎప్పుడూ ముందు వరసలోనే కుర్చీ. పాస్టర్ గారు వాక్యం చెబుతున్నా, ఎవరైనా లేచి తమ బతుకులో జరిగింది సాక్ష్యంగా చెబుతున్నా నేను “ఆమేన్” అంటే వెనక ఊయలలో పిల్లలు ఉలిక్కిపడేవారు. నేను లేని ఆదివారం ప్రసంగం ఉప్పు లేని పప్పులా ఉందని పాస్టర్ గారే ఒకసారి అన్నారు. ఆ మాట నా తలకెక్కింది. ఇప్పటికీ పూర్తిగా దిగలేదు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ప్రభాకర్ నన్ను పార్కింగ్‌లో పట్టుకున్నాడు. సాఫ్ట్‌వేర్ కుర్రాడు, ముప్పై నాలుగేళ్లు, నెమ్మదస్తుడు. ఆ వచ్చే శనివారం అతనికీ మా సంఘంలోని గ్రేస్‌కీ పెళ్లి. ఆ ఆదివారం సాయంత్రమే అతను ప్రాజెక్ట్ పని మీద దేశానికి అటు చివరున్న శాంటా క్లారా వెళ్లి, మంగళవారం రాత్రికి తిరిగొస్తాడు.

“అన్నా, ఒక హెల్ప్ చెయ్యాలి. మీకు తెలుసు కదా, నా డివోర్స్ సంగతి...”

నాకు తెలియదు. ఆ మాట పిడుగులా పడింది. కానీ సంఘ పెద్దకి తెలియని సంగతి ఉండొచ్చా? “తెలియకేం తమ్ముడూ!” అన్నాను.

“మ్యారేజ్ లైసెన్స్‌కి అప్లై చెయ్యాలంటే డిక్రీ సర్టిఫైడ్ కాపీ కావాలంటున్నారు. నా దగ్గరున్నది ఇల్లు మారినప్పుడు పోయింది. కోర్టులో ఎవరడిగినా ఇస్తారట. మీరు కొంచెం...”

పెళ్లికి ముందు సర్కారు లైసెన్సు తీసుకోవాలి, దానికి దరఖాస్తు పెట్టాక మూడు రోజులు ఆగాలి, అది ఇక్కడి రూలు. అంటే బుధవారం పొద్దున ఆ కాగితం అతని చేతిలో ఉండాలి. లేకపోతే శనివారం పెళ్లి లేదు. హాలు బుక్ అయింది. పెళ్లికూతురు గౌను కుట్టడం అయిపోయింది.

నేను అతని భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి, “తమ్ముడూ, ఈ రహస్యం నాతోనే సమాధి అవుతుంది” అన్నాను.

“అబ్బే, అంత అవసరం లేదన్నా...”

అది అతని వినయం అనుకున్నాను. చూశారా, మనిషి గోతిలో పడేముందు దేవుడు బోర్డు పెడతాడు. మనం దానికి మొక్కి దాటిపోతాం.

సోమవారం ఉపవాసం ఉండి, జిల్లా కోర్టులాంటి మా కౌంటీ కోర్టుకి వెళ్లాను. కేసు నంబరు అడిగి ఉంచుకున్నానా? లేదు. ముందు ఫోన్ చేసి కనుక్కున్నానా? లేదు. విశ్వాసం ఉన్నవాడికి నంబర్లెందుకు! గుమ్మం దగ్గర బెల్టు విప్పించారు, బూట్లు విప్పించారు, జేబులోని ప్రార్థన తైలం సీసా తీసి ఏమిటిదని అడిగారు. పాంటు ఒక చేత్తో పట్టుకుని మూడో అంతస్తు రికార్డుల కిటికీకి చేరాను.

కిటికీ వెనక గొలుసు కళ్లద్దాల పెద్దావిడ. ఆవిడ ఇంగ్లీషు మాటలు మన భాషలో చెబుతాను.

“ఏం కావాలి?”

అద్దానికున్న రంధ్రాల దగ్గర నోరు పెట్టి గుసగుసగా చెప్పాను.

“వినబడలేదు.”

ఇంకోసారి గుసగుస.

“ఓ, విడాకులా!” అంది ఆవిడ. ఆ మాట పాలరాతి గోడలకి తగిలి, మెట్లు దిగి, కింది అంతస్తు దాకా వెళ్లి తిరిగొచ్చింది.

“ఏవయ్యా శామ్యూల్, నువ్వేంటి ఇక్కడ?”

తిరిగి చూస్తే అబ్రహాం అంకుల్! రిటైరైన డాక్టరు, మా సంఘంలో అందరికంటే పెద్ద. మా ప్రార్థన గొలుసుకి మొదటి కొక్కెం ఆయనే. గొలుసంటే ఏమీ లేదు, ఒకరికి కష్టమొస్తే ఆయన ఇద్దరికి ఫోన్ చేస్తారు, ఆ ఇద్దరూ నలుగురికి చేస్తారు, గంటలో ఊరంతా మోకాళ్ల మీద ఉంటుంది. ఆయన చొక్కాకి “జ్యూరర్” అని స్టిక్కరుంది. ఈ దేశంలో పౌరుణ్ని జ్యూరీ డ్యూటీకి పిలిస్తే రోజంతా కోర్టు బెంచీ మీద కూర్చోవాలి. ఏడాదిలో ఉన్న అన్ని రోజుల్లో ఆయన్ని ఆ రోజే పిలిచారు.

అబద్ధమాడకూడదు. నిజం చెప్పకూడదు. “ఒక పని మీద వచ్చాను అంకుల్. ప్రార్థన చెయ్యండి” అన్నాను.

ఆయన కిటికీ పైనున్న బోర్డు చదివారు, జారిపోతున్న నా పాంటు చూశారు. “అయ్యో నాయనా” అని బెంచీ మీద కూలబడ్డారు.

నేను ఫారం మీద మోచెయ్యి అడ్డం పెట్టి ఇద్దరి పేర్లూ రాసిచ్చాను. పెద్దావిడ కంప్యూటర్లో వెతికింది.

“ఈ పేర్లతో ఇక్కడ కేసేమీ లేదు.”

“ఉంటుందండీ. ఆయన ఉండేది ఈ కౌంటీలోనే.”

“ఇప్పుడు ఎక్కడుంటే నాకెందుకు? కేసు వేసినప్పుడు ఎక్కడున్నారు?”

“అది... దేవునికి తెలుసు.”

“ఆయన్నే అడిగి రండి. ఏ కౌంటీలో వేస్తే ఆ కోర్టులోనే రికార్డు. నెక్స్ట్!”

కారిడార్లోకి వచ్చి ప్రభాకర్‌కి ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారుజాము. ఇక్కడ ఆరడుగుల దూరంలో అబ్రహాం అంకుల్, చేతిలో పేపరు తలకిందులుగా పట్టుకుని.

“తమ్ముడూ, ఆ పని ఏ కౌంటీలో జరిగింది?”

“ఏ పనన్నా?”

“ఆ పనే! లాయర్ని పెట్టి చేసే పని!”

“ఓ, డిక్రీనా? అప్పుడు నేను మన స్టేట్‌లోనే నార్త్ వైపు ఉండేవాణ్ని కదన్నా.” కౌంటీ పేరు చెప్పాడు. “వదినకి చెబితే లీవ్ పెట్టుకుని తోడొచ్చేది కదా?”

“సుశీలకా? సుశీలకి ఇంకా చెప్పనేలేదు!”

“అదేంటన్నా, ఎందుకు?”

“శనివారంలోపు అంతా అయిపోవాలి. అయ్యాక తెలిస్తే తెలుస్తుంది!”

ఫోన్ పెట్టి చూసేసరికి బెంచీ ఖాళీ. అంకుల్ కారిడార్ చివరి పాత టెలిఫోన్ బూత్‌లో ఉన్నారు. వీపు మాత్రమే కనబడుతోంది. ఆ వీపు ఏడుస్తోంది.

ఆ కోర్టుకి మర్నాడు వెళదామని పనికి పోయి, సాయంత్రం ఆరింటికి ఇంటికి వెళితే గుమ్మంలో పద్నాలుగు జతల చెప్పులు. హాల్లో సోఫా మధ్యలో నా భార్య సుశీల. అటొక ఆంటీ, ఇటొక ఆంటీ, ఆమె చెరో చెయ్యీ పట్టుకుని ఉన్నారు. డైనింగ్ టేబుల్ మీద రేకు మూతల ట్రేలు ఆరు. మా వాళ్లకి చావైనా, పురుడైనా, విడాకులైనా ముందు బిర్యానీ వండాలి.

పాస్టర్ గారు లేచారు. “బ్రదర్, కూర్చోండి. దాచొద్దు.”

“ఏం దాచానండీ?”

“నా రెండు కళ్లతో చూశానయ్యా!” అన్నారు అంకుల్. “శనివారంలోపు అయిపోవాలన్నావు. లాయరన్నావు. పాపం ఈ పిల్లకి చెప్పనేలేదన్నావు!”

సుశీల నన్ను చూసిన చూపు ఇప్పుడు తలుచుకున్నా అరికాళ్లు చల్లబడతాయి. ఫార్మసీలో పొద్దుటినుంచీ నిలబడి వచ్చిన మనిషి. ఇంకా తెల్లకోటు కూడా విప్పలేదు.

“మీరు కోర్టుకి వెళ్లారా?”

“వెళ్లాను.”

“విడాకుల కాగితం అడిగారా?”

“అడిగాను.”

ఒక ఆంటీ “ప్రభువా!” అంది.

“నాకు కారణం కావాలి” అంది సుశీల. “బెండకాయ వేపుడా? మా తమ్ముణ్ని మూడు నెలలు ఉంచుకున్నందుకా? మీ గురకకి నేను పక్కగదిలో పడుకున్నందుకా?”

“అది నా కోసం కాదు సుశీలా!”

“మరి ఎవరికోసం?”

“చెప్పలేను. మాటిచ్చాను.”

“ఎవరికి?”

మౌనంగా హింస భరించే పరిశుద్ధుడిలా ముఖం పెట్టి నిలబడ్డాను. అద్దంలో ఎన్నోసార్లు సాధన చేసిన ముఖం అది. ఆ రోజు మాత్రం అందరికీ దొరికిపోయిన దొంగ ముఖంలా కనబడిందట. పాస్టర్ గారు సంచిలోంచి ఒక పుస్తకం తీసి, “ఆరు వారాల కౌన్సిలింగ్. ఈ గురువారం మొదలుపెడదాం” అన్నారు.

మంగళవారం పొద్దున నేను కారు తీస్తుంటే సుశీల వచ్చి పక్కసీట్లో కూర్చుంది.

“ఎక్కడికి?”

“మీరెక్కడికో అక్కడికే. నా విడాకులు నేను చూసుకోవద్దూ?”

గంటన్నర ప్రయాణం. నాతో ఒక్క మాట లేదు. జీపీఎస్ “కుడివైపు తిరగండి” అన్నప్పుడల్లా దాంతో మాత్రం, “నువ్వైనా నిజం చెబుతున్నావమ్మా” అనేది.

ఆ కోర్టు కిటికీ వెనక టై కట్టుకున్న కుర్రాడు. మా ఇద్దర్నీ చూసి, “మీ ఇద్దరి కేసేనా?” అని మర్యాదగా అడిగాడు.

“కాదు” అన్నాను నేను.

“అదే తేల్చుకుందామని వచ్చాం” అంది సుశీల.

ఫారం మీద మోచెయ్యి అడ్డం పెట్టాను. ఆమె మోచెయ్యి పట్టుకుని పైకెత్తింది. పేర్లు చదివింది. మళ్లీ చదివింది.

“ప్రభాకరా? ఇది ప్రభాకర్ డిక్రీ కోసమా?”

“ష్! ఎవరికీ తెలియకూడదు!”

“ఎవరికి తెలియదండీ? నిరుడు మన సంఘం రిట్రీట్ కూటాల్లో ఈ విడాకుల సంగతే సాక్ష్యంగా చెప్పాడు కదా! మధ్యాహ్నం భోజనాలయ్యాక, నలభై నిమిషాలు! నేనేడ్చాను. అంకుల్ ఏడ్చారు. గ్రేస్ అతన్ని మొదటిసారి సరిగ్గా చూసిందే అప్పుడు. మీరు నా పక్కన, ముందు వరసలో ఉన్నారు. మూడుసార్లు ఆమేన్ అన్నారు!”

నాకు మధ్యాహ్నం భోజనం గుర్తుంది. రెండోసారి వడ్డించుకున్న బిర్యానీ కూడా గుర్తుంది. ఆ తర్వాత టీ గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు.

సుశీల నా ముఖంలోకి చూసింది. పద్దెనిమిదేళ్ల కాపురం, ఆమెకి సగం సెకను చాలు.

“మీరు నిద్రపోయారు.”

“కళ్లు మూసుకుని ధ్యానం...”

“ఆమేన్‌లు నిద్రలో అన్నారు! అతను పెళ్లి విరిగిపోయిన సంగతి చెబుతుంటే నిద్రలో ఆమేన్ అన్నారు! నేను నిన్న రాత్రంతా ఏడ్చి చచ్చాను కదండీ!” అని చేతిలోని ఫారంతో నా నెత్తిన ఒకటిచ్చింది. తర్వాత అక్కడే కిటికీ గట్టు పట్టుకుని కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

కుర్రాడు లోపలికి వెళ్లి ఇరవై నిమిషాల్లో డిక్రీ తెచ్చాడు. ఉబ్బెత్తు ముద్ర వేసి ఇస్తూ, “ఈ కిటికీ దగ్గర కొట్టుకుని, నవ్వుకుని, ఒకే కార్లో వెళ్లే జంటని నేను చూడలేదు సార్” అన్నాడు.

దారిలో సుశీల అంకుల్‌కి ఫోన్ చేసి అంతా చెప్పింది. చెడువార్త గంటలో తిరిగిన ఆ గొలుసులో మంచివార్త తిరగడానికి నెల పట్టింది. పెళ్లిలో కూడా ఇద్దరు ఆంటీలు నాకు కేకు ఇవ్వకుండా ముఖం తిప్పుకుని వెళ్లారు.

అసలు దెబ్బ బుధవారం పొద్దున తగిలింది. ప్రభాకర్ మా ఇంటికొచ్చి కాగితం అందుకుని, ముద్ర మీద వేలు పెట్టి తడిమాడు.

“అన్నా, ఈ పని మీకే ఎందుకు చెప్పానో తెలుసా? ఆ రోజు సాక్ష్యం మధ్యలో నా గొంతు పట్టేసింది. అందరూ తలలు దించుకున్నారు. ఆపేసి వెళ్లిపోదామనుకున్నాను. అప్పుడు ముందు వరసలోంచి మీరు గట్టిగా ఆమేన్ అన్నారు. ఒక్క మనిషైనా నా పక్షాన ఉన్నాడనిపించింది. దాంతోనే మిగతాది చెప్పగలిగాను.”

నేను ఒప్పుకుందామనే నోరు తెరిచాను. దేవుడు సాక్షి. సుశీల బల్ల కింద నా పాదం తొక్కింది, మడమతో. తెరిచిన నోరు ఊరికే మూయలేక, నాకు వచ్చిన ఒకే ఒక్క మాట అన్నాను.

“ఆమేన్.”

ప్రభాకర్ నన్ను కౌగిలించుకున్నాడు. పన్నెండింటికల్లా లైసెన్సు దరఖాస్తు అయింది. శనివారం పెళ్లి జరిగింది. ఇన్నేళ్లూ ఆ మాట నా గుండెలో ముల్లులా ఉంది. తమ్ముడూ, ఇది చదువుతుంటే క్షమించు. ఆ రోజు నేను నీ పక్షాన లేను, గురక పక్షాన ఉన్నాను. నా నోటిని వాడుకున్నది దేవుడే.

కాబట్టి సంఘమంతటి ఎదుట ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. మెలకువగా వినని మాటకి ఇక మీదట ఆమేన్ అనను. తెలియని సంగతిని తెలుసనను. భోజనాల తర్వాతి కూటంలో ముందు వరసలో కూర్చోను. పాఠకులారా, ఈ ప్రతిజ్ఞ నిలిచేలా మీరూ నాతో కలిసి ప్రార్థించండి. తలలు వంచుదాం, చేతులు జోడిద్దాం. కళ్లు మాత్రం, దయచేసి, తెరిచే ఉంచుదాం.