కొట్టు తెరిచే మనిషి

పెద్దవీధి మలుపులో ఉన్న ఆ రెండంతస్తుల రాతి మేడకి నూరేళ్లు దాటాయి. కింద కొట్టు, పైన గదులు. కొట్టుకి తలుపుల్లేవు, పదకొండు చెక్క పలకలుండేవి. పైన దూలంలో, కింద గడపలో తవ్విన గాడిలోకి ఒక్కో పలకనీ జరిపి నిలబెట్టి, అడ్డంగా ఇనప కమ్మీ వేసి, తాళం పెట్టాలి. పొద్దున వాటిని తీసి, కొట్టు ఊడ్చి, సాయంత్రం మళ్లీ వేసే మనిషిని వీధంతా పలకలమ్మ అనేది. అసలు పేరేమిటని ఎవరైనా అడిగితే ఆవిడే కాసేపు ఆలోచించుకునేది.

ఇరవై రెండేళ్ల వయసులో, కూతుర్ని చంకనేసుకుని పని కోసం ఆ గడప ముందు నిలబడింది. అప్పుడది బట్టల కొట్టు. "మగాళ్లకే బరువు, నీవల్ల కాదమ్మా" అన్నాడు షావుకారు. పలకలమ్మ పిల్లని తానుల మధ్య కూర్చోబెట్టి, పదకొండూ వేసింది, తీసింది, మళ్లీ వేసింది.

"సరేలే, తియ్యి తల్లీ, బేరాలు పోతున్నాయి!" అని లోపల చీకట్లోంచి అరిచాడు షావుకారు.

ఆయనకి పదకొండు పలకలూ తీయాల్సిందే. ఎండ పడితేనే బట్ట నిజం చెబుతుందనేవాడు. ఆయన తర్వాత గడియారాలు బాగుచేసే పెద్దాయన వచ్చాడు. ఆయనకి మూడు చాలు. గాలి తగిలితే బల్లమీది చిన్న చిన్న చక్రాలు లేచిపోతాయి. ఆ మూడు పలకల సందులోంచి వెలుగు సన్నటి నీటిధారలా దిగి ఆయన వేళ్లని తడిపేది. పొద్దెక్కి ఆ ధార పక్కకి జరిగినప్పుడల్లా పలకలమ్మ చప్పుడు కాకుండా వచ్చి ఒక పలక వేసి, ఇంకోటి తీసేది. ఆయన తలెత్తేవాడు కాదు. వేళ్ల మీద వెలుగు తప్పేది కాదు.

తర్వాత టైపు నేర్పే పంతులమ్మ వచ్చింది. ఆవిడకి ఆరింటికల్లా తీయాలి. కాసేపటికే కొట్టులో టైపు మిషన్ల వడగళ్లు కురిసేవి. ఆవిడ తర్వాత పుస్తకాలాయన. పదిన్నరకి కళ్లు నులుముకుంటూ వచ్చేసరికి నలుగురైదుగురు అప్పటికే నేలమీద కూర్చుని చదువుకుంటూ ఉండేవాళ్లు.

"నా కొట్టుకి నేనే ఆఖరి బేరాన్నా పిన్నీ?"

"బేరమైతే ఏదో ఒకటి కొనాలి నాయనా."

ఎవరు ఖాళీ చేసినా తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టి వెళ్లేవాళ్లు. కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ ఆవిడకే ఇచ్చేవాళ్లు. అలా ముప్ఫై తొమ్మిదేళ్లు గడిచాయి.

ఈమధ్య ఒక అమ్మాయి అక్కడ కళ్లజోళ్ల కొట్టు పెట్టింది. పలకలు పీకించి, ఇనప షట్టర్ బిగించింది. వీధి అంతా పలకలమ్మ కన్నీళ్ల కోసం ఎదురుచూసింది. ఓదార్చడానికి వచ్చిన ఎదుటి టీకొట్టాయనతో "వానాకాలం ఉబ్బిపోయి నా నడుం విరగ్గొట్టాయి. పీడా విరగడైంది" అంది. ఆవిడ దిగులు పలకల గురించి కాదు. ఈసారి తాళంచెవి ఆవిడ చేతికి రాలేదు.

"నువ్వు ఊడ్చిపెట్టు చాలు పిన్నీ. షట్టర్ మా అన్నయ్య ఎత్తుతాడు. నీకు నడుం పట్టేస్తే ఆ పాపం నాకెందుకు?"

"ఒక్కసారి ఎత్తనీ అమ్మాయ్."

షట్టర్ మోకాలి దాకా వచ్చి మొండికేసింది. అమ్మాయి చూడనట్టు మొహం తిప్పుకుంది. బరువు కన్నా అదే ఎక్కువ బాధ పెట్టింది.

"అరవై దాటాయి, ఇంక కూర్చోవే అమ్మా" అంది ఇంట్లో కూతురు.

"కూర్చుంటే మళ్లీ లేస్తానో లేదోననే నా భయం."

మూడు పొద్దులు చీపురు పట్టుకుని గమనించింది. అమ్మాయి అన్నయ్య వస్తాదులాంటివాడు. అయినా మొహం కందగడ్డలా చేసుకుని, బుసలు కొడుతూ ఎత్తేవాడు. చెయ్యి వదిలితే షట్టర్ జర్రున జారేది. పలక మొరాయిస్తే తప్పు ప్రతిసారీ పలకలో ఉండదని, చాలాసార్లు గాడిలోనే ఉంటుందని ఆవిడకి తెలుసు. అందుకే ఇనప రేకుని కాదు, దాన్ని చుట్టుకునే పై పెట్టెని చెవులు రిక్కించి విన్నది. లోపల ఏదో వదులుగా మూలుగుతోంది.

తిన్నగా ఆ షట్టర్ బిగించిన మేస్త్రి దగ్గరికి వెళ్లింది.

"పైన స్ప్రింగు చుట్టు తక్కువైందబ్బాయ్."

"పాతికేళ్లుగా బిగిస్తున్నా, నాకు చెప్తావా అత్తా? ఒంటిచేత్తో ఎత్తి చూపించాకే కూలి తీసుకున్నాను."

"నీ చెయ్యి నా నడుమంత ఉంది. నీకేం తెలుస్తుంది బరువు!"

మేస్త్రి నవ్వుకుంటూనే వచ్చాడు. పెట్టె విప్పి చూశాక నవ్వు ఆపాడు. "రెండు చుట్లు తిప్పుతా" అన్నాడు నిచ్చెన మీంచి.

"మూడు."

"మూడైతే నువ్వూ దాంతోపాటే పైకి పోతావ్!"

"అయితే రెండున్నర."

పని అయ్యాక పలకలమ్మ తను ముట్టుకోలేదు. అమ్మాయిని పిలిచి ఎత్తమంది. పుల్లలాంటి ఆ పిల్ల చెయ్యి వేసీ వెయ్యకముందే షట్టర్ సర్రున పైకి వెళ్లింది. వీధి వెలుగంతా ఒక్కసారిగా లోపలికొచ్చి, వందల కళ్లజోళ్లలో కూర్చుంది.

"ఇప్పుడు నేనే ఎత్తుకోగలను పిన్నీ" అంది అమ్మాయి ఆశ్చర్యంగా.

"ఎత్తుకోగలవు." పలకలమ్మ చీపురు అందుకుంది.

"మరి నీకేంటి లాభం? ఇంక ఎవరైనా తియ్యగలరుగా."

"లాభం చూసుకోలేదే పిల్లా. కొట్టు తెరవడానికి మనిషి బుసలు కొడుతుంటే చూడలేకపోయా."

"అన్నయ్య రోజూ తిట్టుకుంటూ ఎత్తాడే గానీ, ఎందుకు బరువుగా ఉందో మాలో ఒక్కరమూ చూడలేదు" అని, అమ్మాయి సంచిలోంచి తాళంచెవి తీసి ఆవిడ అరచేతిలో పెట్టింది. "పదింటికి తియ్యి పిన్నీ."

"పదింటికా? చూపు ఆననివాళ్లు పెందలాడే లేస్తారమ్మాయ్. ఎనిమిదిన్నర."

"తొమ్మిది!"

"నీ మాటే కానీ. ఊడవడానికి మాత్రం ఎనిమిదిన్నరకే తీస్తా" అంటూ తాళంచెవిని కొంగున ముడేసుకుంది.