పడుగు కోసేసిన రోజు

మా అత్తగారు పక్షవాతంతో మంచాన పడి మూడో నెల. ఒళ్లు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పమన్నారు డాక్టరుగారు. మా ఆయన కువైట్‌లో. బండారులంకలో, ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. రాత్రిళ్లు ఆవిణ్ణి తిప్పి నడుం వాలిస్తే, కన్ను మూతపడేలోపు మళ్లీ ఫోన్లో అలారం మోగేది.

పగలు మగ్గం. నేతపనిలో పోగు తెగడం మామూలే. ఎవరితోనో మాట్లాడుతూనే అతికేసేదాన్ని. ఆ నెలల్లో మాత్రం ఒక్క పోగు తెగినా అతకలేక వదిలేసి లేచిపోయేదాన్ని. కుక్కరు కూతేసినా ఉలిక్కిపడేదాన్ని. పాలాయన "ఈవేళ కాస్త ఆలస్యమైందండీ" అన్నందుకు భోరుమని ఏడ్చేసేను. ఆయన బిత్తరపోయేడు.

ఆ రోజు పొద్దున్న పదింటికి, ఒకేచోట మూడోసారి పోగు తెగింది. లోపల్నుంచి అత్తగారు ముద్దమాటలతో మంచినీళ్లడిగేరు.

"ఆయ్, వస్తున్నానండీ."

మళ్లీ పిలిచేరు. నేను కత్తెర తీసి, మగ్గం మీదున్న పడుగంతా, నిలువు పోగులన్నీ కలిపి, అడ్డంగా కోసేసేను. సగం నేసిన చీర బిగువు పోయి ఒళ్లోకి జారింది. ఆ కత్తెరతోనే గదిలోకెళ్లి, "మీరు చచ్చిపోకూడదా!" అని అరిచేను.

ఆవిడ నా చేతివంక చూసి, బాగున్న చేత్తో దుప్పటి మొహమ్మీదకి లాక్కున్నారు. పొడుస్తాననుకున్నారు.

పదిహేనేళ్లుగా నన్ను "అమ్మాయ్" అని తప్ప పిలవని మనిషి. కత్తెర పడేసి గుమ్మంలో కూలబడ్డాను. కేక విని పక్కింటి పిన్నిగారు పరిగెత్తుకొచ్చేరు.

"నిద్రపోయి ఎన్నాళ్లయిందే?"

"తెలీదండీ."

"లే. మా ఇంటికెళ్లి పడుకో."

"అత్తగార్ని తిప్పాలండీ..."

"నాకు చేతుల్లేవా? వెళ్లు."

చీకటిపడేదాకా ఒళ్లెరక్కుండా పడుకున్నాను. లేచొచ్చి అత్తగారి కాళ్లు పట్టుకున్నాను. ఆవిడ తలూపేరు. కానీ గ్లాసు నోటికందిస్తుంటే ఒళ్లు బిగుసుకుపోయింది ఆవిడకి.

మర్నాటినుంచి రోజూ మధ్యాహ్నం పిన్నిగారొచ్చి కూర్చునేవారు. ఆ రెండు గంటల నిద్రతోనే మళ్లీ మనిషినయ్యేను. పోగు తెగితే అతకగలిగేను. అత్తగారి మీద మళ్లీ గొంతు లేవలేదు. ఆవిడ భయం మాత్రం పోలేదు.

ఆ వానాకాలంలో ఆవిడ పోయేరు. మా ఆయన వచ్చి, చుట్టాలందరి ముందూ, "మా అమ్మని కన్నకూతురిలా చూసుకుంది" అన్నారు. పిన్నిగారు నావంక చూసేరు. నేను ఖాళీ టీ గ్లాసులు ఏరుకుని లోపలికెళ్లిపోయేను. ఆ కత్తెర సంగతి ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు.