పుప్పాలగూడ డాబా మీద నీహారిక

మా అపార్ట్‌మెంట్ ఎదురుగా లేస్తున్న టవర్‌కు బిల్డర్ పెద్ద ఎల్ఈడీ బోర్డు తగిలించాడు. పొద్దుగూకగానే అందులో ఒక నీహారిక, అదే నెబ్యులా, వెలుగుతుంది, ఎర్రగా, నీలంగా, పెళ్ళి పందిరంత ఆర్భాటంగా. కింద 'నక్షత్రాల మధ్య నివసించండి' అని అక్షరాలు. థూ! అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపు తీసిన ఫొటో అది. దాన్ని చూపించడానికి మా డాబా మీది అసలు ఆకాశాన్ని చంపేశాడు.

మా అమ్మాయికి పదేళ్ళు. ఆకాశంలో గొల్లకావడి మూడు చుక్కల కింద ఉండే అదే నీహారికను ఒక్కసారైనా తన కంటితో చూడాలని నా ఆశ. అందుకే చిన్న టెలిస్కోపు కొన్నాను. బిల్డర్‌కు చెప్పి ఒక్క అరగంట బోర్డు ఆపించమని మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంటును బతిమాలాను.

"ఏంది మేడం గిట్ల? ఫోన్ల చూస్తే రంగురంగులుగ వస్తది గద. పైకెళ్ళి తీసిందే మస్తు క్లియర్. ఈ గొట్టంతోని ఎందుకు పరేషాన్?" అన్నాడు.

క్లియరే, ఎవరు కాదన్నారు? పైన గాలి లేదు, దుమ్ము లేదు, బిల్డర్లు అసలే లేరు. నేలమీది టెలిస్కోపుకు అన్నీ అడ్డమే, గాలి కదిలితే చుక్క కూడా వణుకుతుంది. కానీ ఆ పైదానికి కన్ను ఆనించి చూసినవాడు ఒక్కడైనా ఉన్నాడా? ఈ మాటంటే ఇకిలించాడు. ఆ నవ్వు చూస్తే ఒళ్ళు కంపరమెత్తింది.

చివరికి నేనే డాబా మీద బోర్డుకు అడ్డంగా దుప్పటి కట్టాను. చీకటికి కళ్ళు అలవాటు పడేదాకా ఇద్దరం కూర్చున్నాం. నీహారిక దొరికింది. పిల్ల కన్ను పెట్టింది.

"ఇదేనా అమ్మా? బూడిద చల్లినట్టుంది."

నేను నోరు తెరిచేలోపే దుప్పటి పక్కకు లాగి, గొట్టాన్ని బోర్డు వైపు తిప్పింది. ఫోకస్ సరిచేసుకుంటూ చాలాసేపు చూసింది.

"ఛీ! అన్నీ బల్బులే! ఎర్రవి, పచ్చవి, నీలివి. నాకు ఇందాకటిదే చూపించు."

నాకు ప్రాణం లేచొచ్చింది. గబగబా దుప్పటి మళ్ళీ బోర్డుకు అడ్డంగా లాగి, గొట్టాన్ని పైకి తిప్పి, బూడిదరంగు మరకను వెతికిపట్టాను. పిల్ల వంగి కన్ను ఆనించింది.

"ఏం కనపడట్లేదమ్మా. కంట్లో ఆ బల్బులే తిరుగుతున్నాయి."