మూడో వరసలో ఆగిన లాప్‌టాప్

మా ఆఫీసులో ఆ లాప్‌టాప్‌ని అందరూ మొండిఘటం అంటారు. రోడ్ల కింద పైపులు, కేబుళ్లు ఎక్కడున్నాయో వెతికిపెట్టడం మా పని. చక్రాల బండికి రాడార్ పెట్టె బిగించి నేల మీద నెట్టుకుంటూ పోతే, కింద మట్టి ఎక్కడ కదిలిందో ఈ లాప్‌టాప్ తెర మీద గీతలుగా కనిపిస్తుంది. ఒకసారి ఇది లారీ మీంచి పడింది, పగల్లేదు. ఇంకోసారి కాలవలో పడితే తీసి, తుడిచి, పని చేసుకున్నాం. లోపలికి దుమ్ము పోదు, నీరు పోదు. అంత బిగించి మూసేశారు కాబట్టే లోపల పుట్టిన వేడి కూడా బయటికి పోదు. ఫ్యాను లేదు. ఆ వేడంతా దాని నల్లటి ఒంటిలోంచే మెల్లగా గాలిలో కలవాలి. బయట గాలే కాగుతుంటే అది మాత్రం ఎక్కడికి పోతుంది? అమ్మేవాళ్లు కాలవలో ముంచి చూపిస్తారు గానీ ఈ సంగతి ఎత్తరు.

నాకు ఆ సంగతి తెలుసు. తెలిసీ దాన్నే అడిగి తెచ్చుకున్నాను. ఆ వారం ఆఫీసులో ఖాళీగా ఉన్నది అదొక్కటే.

కౌలాలంపూర్ దగ్గర బంటింగ్ ఊరు దాటాక ఉన్న పాత రబ్బరు ఎస్టేటులో మా అమ్మ పుట్టింది, పెళ్లి చేసుకుంది, మొదటి బిడ్డను పాతిపెట్టింది. నాకంటే ముందు పుట్టిన అన్నయ్య. బోర్లాపడే వయసులోనే జ్వరంతో పోయాడు. సమాధి మీద చెక్క సిలువ తప్ప ఇంకేమీ పెట్టే స్తోమత లేదు వాళ్లకి. తర్వాత రబ్బరు పోయి పామాయిల్ వచ్చింది, ఎస్టేటు జనమంతా క్లాంగ్‌కీ కౌలాలంపూర్‌కీ చెదిరిపోయారు, సిలువను ఎప్పుడో చెదలు తినేశాయి. ఇప్పుడు ఆ నేల మీద గోదాములు కడతారట. ఎవరి సమాధి వాళ్లు చూపిస్తే తవ్వి తీసి, పట్నంలోని కొత్త శ్మశానంలో చోటిస్తారు. చూపించలేనివి నేలమట్టమైపోతాయి. చర్చిలో ఈ మాట మా చెవిన పడేసరికి ఒక్క శనివారం మిగిలింది. ఆ సాయంత్రం గేటు మూస్తే ఇక ఎవర్నీ లోపలికి రానివ్వరు.

"నీ మిషను బూమిలో వైరు కనిపెడతాది గదే. నా గుంటడిని కనిపెట్టలేదా?" అని అడిగింది అమ్మ.

లేదనడానికి నోరు రాలేదు. ఇన్నేళ్ల తర్వాత అంత చిన్న ఎముకలు మట్టిలో మిగలవు. అదృష్టం బాగుంటే ఒకప్పుడు తవ్వి పూడ్చిన గొయ్యి ఆకారం కనిపించవచ్చు. ఆ చుట్టుపక్కలంతా బంకమట్టి, తడిస్తే రాడార్ అందులోకి చూడలేదు. శ్మశానం కాస్త మెట్టన ఉంది, వారం రోజులుగా వాన లేదు. నా ఆశంతా అదే.

అమ్మ, నేను, అమ్మ తమ్ముడు మావయ్య, ముగ్గురం వెళ్లాం. మావయ్య ఒకప్పుడు లారీ డ్రైవరు. బిడ్డను పాతిపెట్టిన రోజు తనూ అక్కడున్నాడు, పిల్లాడు అప్పటికి. "మూడో వరస. బాగా గురుతు నాకు. కొవ్వొత్తి పట్టుకుని నిలబడినాను" అన్నాడు. మూడో వరసలో ఎక్కడ అంటే మాత్రం అటూ ఇటూ చూశాడు. అప్పట్లో ఒక రబ్బరు చెట్టు గుర్తట. ఇప్పుడు పామాయిల్ చెట్లు కూడా కొట్టేశారు. కనుచూపు మేర నీడన్నది లేదు. కాపలావాడు గేటు తీసేసరికే ఎండ మాడు పగలగొడుతోంది.

మొదటి వరసలో గీతలు చక్కగా వచ్చాయి. రెండో వరసలో నేను ముందు పోతుంటే తెర నాకంటే వెనకబడి నడవడం మొదలుపెట్టింది. వేడెక్కినప్పుడు లాప్‌టాప్ తనను తాను కాపాడుకోవడానికి పని నెమ్మది చేసుకుంటుంది. అది నెమ్మదిస్తే నేనూ నెమ్మదించాలి, లేకపోతే మధ్యలో గీతలు తప్పిపోతాయి. నేను నెమ్మదిస్తే అది ఇంకాసేపు ఎండలో ఉంటుంది, ఇంకా వేడెక్కుతుంది. తెర వెలుగు తగ్గిస్తే కాస్త చల్లబడుతుంది, కానీ ఆ ఎండలో నాకేమీ కనిపించదు. ఎటు తిరిగినా గోడే.

మూడో వరసలోకి తిరిగామో లేదో తెర నల్లబడింది.

"ఏటిది? లారీ మీంచి పడినా పగల్దన్నావు. ఎండకే సచ్చిపోయినాదా లా?" అన్నాడు మావయ్య, ఇక్కడి వాళ్లందరిలా మాట చివర 'లా' తగిలించి.

దాన్ని కారులో ఏసీ ముందు పెట్టి కూర్చున్నాం. లేచింది. తీసుకెళ్లి బండి మీద పెడితే నాలుగు అడుగులు నడిచి మళ్లీ పడుకుంది. మళ్లీ కారు, మళ్లీ బండి. ఎండ ముదిరేకొద్దీ అది మేలుకునే సమయం తగ్గిపోతోంది. ఆగిన చోటల్లా నేను ఒక ఎర్ర జెండా గుచ్చుతున్నాను. మావయ్య తల మాడుతున్నా గొడుగు లాప్‌టాప్‌కే పట్టాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వస్తున్నాయి. పిడుగు పడ్డా చెక్కుచెదరదని చెప్పి అమ్మిన వస్తువు, మా అమ్మ ముందు ఇలా పరువు తీస్తోంది.

అమ్మ వచ్చి దాని మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసింది. "ఒలమ్మా, ఒళ్లు కాలిపోతంది!" అని భుజం మీది తుండుగుడ్డ తీసి, నీళ్ల సీసా వంపి, పిండి, దాని మీద పరిచింది. నీళ్లు దానికి చేటు చెయ్యవు కాబట్టి నేను ఆపలేదు. మేలూ చెయ్యలేదు. ఈ దేశపు గాలిలో ఉన్న చెమ్మకి తడిగుడ్డ ఆరదు, ఆరితేనే గదా చల్లదనం. కాసేపటికి గుడ్డే గంజిలా వెచ్చబడింది. అమ్మ దాన్ని తీసి, తడిపి, చల్లటి వైపు తిప్పి మళ్లీ వేసింది. ఆ తిప్పడంలో ఏళ్ల నాటి అలవాటుంది.

"సూదులేసే ఎస్టేటు డ్రెస్సరు మందులు తేడానికని క్లాంగు ఎల్లిపోయినాడు. లారీ దొరకలేదు. గుడ్డ తడిపినాను, తడుపుతూనే ఉన్నాను. ఇంకేటి సెయ్యగలను?" అంది, నాతో కాదు, లాప్‌టాప్‌తో అన్నట్టు.

మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టి ధారగా వాన దిగింది. వానలో తడుస్తూ లాప్‌టాప్ నిక్షేపంగా లేచి కూర్చుంది. "సూడు సూడు, బతికినాది లా!" అని మావయ్య చప్పట్లు కొట్టాడు. నేను బండి నెట్టాను. తెర ఇప్పుడు నాతో పాటే నడుస్తోంది, ఎక్కడా తడబడటం లేదు. చూపించడానికి దాని దగ్గరే ఏమీ లేదు. తడిసిన బంకమట్టి కింద అంతా ఒకే బూడిద రంగు. అయినా మూడో వరస ఈ చివర నుంచి ఆ చివరకి నెట్టాను, మళ్లీ వెనక్కి నెట్టాను. దాన్ని ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది. కొట్టినా పగలదని గుర్తొచ్చి ఆ సరదా కూడా తీరలేదు.

కాపలావాడు గేటు దగ్గర నుంచి ఈల వేశాడు. అమ్మ నేను గుచ్చిన చివరి జెండా దగ్గరికి నడిచి, బురదలో చతికిలబడి, అక్కడ మట్టి గోకడం మొదలుపెట్టింది.

"అమ్మా, అక్కడ ఏటీ అగుపడలేదు. మిషను వేడికి ఆగిపోయినాది, అంతే" అన్నాను.

తల ఎత్తలేదు. "నా గుంటడూ వేడికే ఆగిపోయినాడు" అంది.

మావయ్య గొడుగు ఆమె మీదికి జరిపాడు. నేనూ కూర్చుని చేతులతో తవ్వాను. ఆ తుండుగుడ్డలోనే మట్టి మూట కట్టాం. ఇంటికి వచ్చే దారంతా అమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుంది. మధ్యమధ్య అరచెయ్యి తిప్పి, జ్వరం చూసినట్టు దాని మీద ఆనించి చూసింది.