రెండో పంటు కోసం రాజమండ్రి ప్రయాణం

ఏడో క్లాసులో బడి మానేశాను. పాతికేళ్ల తరవాత తీసుకెళ్లి సెమినార్లో కూర్చోబెట్టారు. చదువు నుంచి తప్పించుకోవడం ఎవరి తరమండీ?

మా లంకలో ఆటో తోలతాను. మనుషుల్ని, బళ్లని గోదారి దాటించే పంటు మాకు ఒక్కటే. అది నిండితేగాని కదలదు. కిందటేడు మా వదినకి నొప్పులొచ్చినప్పుడు పంటు అవతలొడ్డున ఉంది. పిల్లాడు రేవులోనే, నా ఆటోలో పుట్టేశాడు. అప్పట్నించి రెండో పంటు అడుగుతున్నాం. సర్వే జరిగింది. అందులో తేలిన సంగతులు రాజమండ్రి సెమినార్లో ఫారిన్ నిపుణులు, మనలాంటి దేశాల ఇంజనీర్లు పంచుకుంటారట. సర్వే సారుని మూడు రోజులు ఆటోలో తిప్పినందుకు నన్నూ రమ్మన్నారు. "పంచుతారంటే దొన్నె తెచ్చుకోవాలాండీ?" అన్నాను. ఆయన నవ్వలేదు.

పొద్దున్న ఐదున్నరకి రేవుకొచ్చాను. పంటు కదిలేసరికి ఆరూ నలభై. పాలకొల్లులో బస్సు దొరికింది. పక్క సీటు కొబ్బరికాయల వ్యాపారి నా ఇస్త్రీ చొక్కా చూసి, "ఏంటండీ, పెళ్లిచూపులా?" అన్నాడు.

"రోడ్ల గురించి పెద్దోళ్లకి చెప్పడానికండీ."

బస్సు గోతిలో పడి ఇద్దరం సీట్లోంచి లేచాం. "మీకెందుకండీ శ్రమ, ఈ బస్సుని పంపితే సరిపోయేది" అన్నాడు.

కొవ్వూరు బ్రిడ్జి దాటి, పెసరట్టు తిని, పదిన్నరకి హాల్లో కూర్చున్నాను. ఏసీకి పళ్లు టకటకలాడాయి. తెర మీద మా రేవు ఫొటో. ఫారినాయన ఇంగ్లీషులో చెప్పింది సర్వే సారు తెలుగులో చెప్పారు: "రేవులో జనం ఆగేది నామమాత్రం. రెండో పంటు అనవసరం."

సారునే అడిగాను: "అదెలాగండీ?"

"వచ్చి ఎంతసేపైందని అందర్నీ అడిగామయ్యా. అందరిదీ ఒకటే జవాబు. ఇప్పుడే వచ్చామండీ, అని."

నిజమే. గంట ఎండలో మాడినా మావాళ్లు ఆ మాటే అంటారు, అడిగినాయన నొచ్చుకుంటాడని. మా వదినా అలాగే రాయించింది. పక్కనుండి రాయించింది నేనే!

లేచి, "అది మర్యాదకి చెప్పిందండీ, లెక్కకి కాదు" అన్నాను. హాలంతా నవ్వింది. బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ఇంజనీరమ్మ మాత్రం నవ్వలేదు. ఆవిడ దేశం నిండా రేవులేనట. "మీ రేవులో ఏం కొట్లున్నాయి?" అని సారు చేత అడిగించింది.

"నాలుగు టీ కొట్లు, ఒక మంగలి షాపండీ."

"ఆగకుండా దాటిపోయేవాళ్లకి క్షవరం ఎప్పుడు చేస్తారు?"

ఫారినాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంకెవర్నీ అడగొద్దని, సారే వాచీ పట్టుకుని రేవులో కూర్చోవాలని తేల్చారు. అప్పటిదాకా ఆ రిపోర్టు ఆపేశారు.

భోజనాలయ్యాక సారు నాతోపాటే బస్సెక్కారు. నాలుగూ నలభైకి రేవులో దిగాం. పంటు అవతలుంది. టీ తాగాం. ఇంకో టీ తాగాం. సారు గడ్డం కూడా గీయించుకున్నారు. ఐదూ యాభైకి పంటు ఒడ్డుకి తగిలింది.

పంటు నడిపే సరంగు పైనుంచి కేకేశాడు: "అయ్యో సారూ, చాలాసేపైందాండీ?"

"అబ్బే, ఇప్పుడే వచ్చామండీ" అన్నారు సారు.

అని, నావైపు చూశారు. నేను పంటు తాడువైపు చూస్తున్నాను. ఆయన గీసిన గడ్డం ఒకసారి తడుముకుని, జేబులోంచి పుస్తకం తీసి, డెబ్భై నిమిషాలని రాసుకున్నారు.