నర్సవ్వ బొంత కాడ నేర్చుకున్న పని

1959 జూన్‌లో నన్ను నల్లగొండ జిల్లాలో మోత్కూర్‌కు నాలుగు కోసుల దూరమున్న ఒక ఊరికి గ్రామసేవికగా వేశారు. అప్పటికి నాకు ఇరవై ఒక్క ఏండ్లు. ఈ ఉద్యోగం గురించి ఇప్పటివాళ్లకు కొంచెం చెప్పాలి. బ్లాకు ఆఫీసులో పెద్ద అధికారి బి.డి.ఓ. ఆడవాళ్ల కార్యక్రమాలు చూసేందుకు ఆయన కింద ముఖ్యసేవిక ఉండేది. ఆమె కింద ఊళ్లలోనే కాపురముండి పనిచేసే మేము గ్రామసేవికలం. మహిళామండలి పెట్టించడం, కుట్లు నేర్పడం, పసిపిల్లలకు ఏం పెట్టాలో నలుగురి ముందు వండి చూపించడం మా పనులు. వండి చూపించడాన్ని ‘ప్రదర్శన’ అనేవాళ్లం. ఏరోజు పని ఆరోజు డైరీలో రాసి, నెలాఖరున ముఖ్యసేవికతో సంతకం పెట్టించుకోవాలి.

ఆ ఊళ్లో నర్సవ్వ అనే ముసలమ్మ ఇంట్లో ఒక అర్ర కిరాయికి తీసుకున్నాను. కొడుకు ఎవుసం చేసేవాడు. కోడలు సత్తెమ్మ నెమ్మదస్తురాలు. వాళ్ల బిడ్డ యాదమ్మకు రెండేండ్లు నిండబోతున్నాయి. నేను మహబూబ్‌నగర్ నుంచి ఒంటరిగా వచ్చిన పిల్లనని నర్సవ్వకు నా మీద జాలి. పొద్దున నేను తలుపు తీసేసరికి జొన్నరొట్టె, దాని మీద ఇంత పండుమిరపకాయ తొక్కు పెట్టి గడప కాడ ఉంచేది. ఆడపిల్లకు నౌకరీ ఏమిటో ఆమెకు అర్థం కాలేదు గాని, నౌకరీ చేసే పిల్ల ఉపాసం ఉండకూడదని మాత్రం గట్టిగా అనుకుంది.

వానలు పడ్డాక బ్లాకు నుంచి పాలపొడి డబ్బాలు వచ్చాయి. బడి అరుగు మీద ప్రదర్శన పెట్టాను. చాలామందే వచ్చారు. నీళ్లు సలసల కాగబెట్టి, చల్లార్చి, ఆ నీళ్లలో పొడి కలపాలని శిక్షణలో మాకు నేర్పారు. ఆ రోజు కట్టెలు తడిసి ఉన్నాయి. ఎంత ఊదినా పొగే తప్ప మంట లేదు. వచ్చినవాళ్లు నాట్లకు పోవాలని తొందరపడుతున్నారు. నేను బిందెలో నీళ్లు ముంచి అట్లాగే పొడి కలిపి, గిలక్కొట్టి గ్లాసుల్లో పోసి చూపించాను. తలా ఒక పొట్లం పంచాను. నీళ్లు కాగబెట్టాలన్న మాట చివర్లో చెబుదామనుకున్నాను. పొట్లాల హడావిడిలో చెప్పలేదు. సాయంత్రం డైరీలో ‘ప్రదర్శన విజయవంతం’ అని రాశాను.

మర్నాడే బ్లాకులో సమావేశాలకు పోయి వారం తర్వాత తిరిగి వచ్చాను. ఆ తర్వాత మహిళామండలికి ఎవరూ రాలేదు. పొలం పనులు ముమ్మరంగా ఉన్నాయి కదా అనుకున్నాను. గడప కాడ రొట్టె కూడా కనబడలేదు. దానికి మాత్రం నాకు కారణం తోచలేదు.

దసరా దాటాక ఒకరోజు యాదమ్మను దగ్గరగా చూసి ఉలిక్కిపడ్డాను. మొహం ఉబ్బింది. పాదం మీద వేలితో నొక్కితే సొట్ట అట్లాగే ఉండిపోయింది. వెంట్రుకలు ఎర్రబారాయి. పక్కన కోడిపిల్లలు తిరుగుతున్నా అటు చూడటం లేదు. సత్తెమ్మ మళ్లీ నీళ్లోసుకుంది కాబట్టి పిల్లకు పాలు మాన్పించారు. పాలకు బదులు గంజి తప్ప ఇంకేమీ అలవాటు చేయలేదు. పిల్లలకు ఒంటికి పట్టే తిండి లేకపోతే ఇట్లా నీరు దిగుతుందని శిక్షణలో బొమ్మలతో చూపించారు. బొమ్మలో చూసిన పిల్ల నేనుంటున్న ఇంట్లోనే ఉంది. వెంటనే మోత్కూర్ దవాఖానకు తీసుకుపోదామన్నాను.

నర్సవ్వ చాటలోంచి తల ఎత్తకుండానే, “నీ పొడి తాగినకాడికెళ్లే పిల్ల గిట్లయింది బిడ్డా. ఇగ నువ్వు జెప్పేది మాకొద్దు,” అంది.

నేను ఏదో అడగబోతే లేచి లోపలికి పోయింది.

ఆ వారమే ఆమె బొంత మొదలుపెట్టింది. పుట్టబోయే బిడ్డకు, చలికాలానికి కలిపి ఒక పెద్ద బొంత. బొంత కుట్టడం తెలియనివాళ్లు పాత చీరలు అతికిస్తే అయిపోతుందనుకుంటారు. చీరలను చౌడుమట్టితో ఉతికి, గంజి పెట్టి, చిరుగు మీద చిరుగు పడకుండా మడతలు పరవాలి. నాలుగు మూలలా రాళ్లు పెట్టి బిగించాలి. ముందు అంచులు కుట్టి, అక్కడినుంచి వరుసవెంట వరుస లోపలికి రావాలి. అన్ని పొరలూ దాటి సూది కింద తగిలినట్టు వేలికి తెలియాలి. వాకిట్లో నీడ ఉన్నంతసేపు నలుగురైదుగురు ఆడవాళ్లు చుట్టూ కూర్చొని కుట్టేవాళ్లు.

నర్సవ్వకు చూపు మందగించింది. సూదిలో దారం ఎక్కించలేక ప్రతిసారీ కోడలిని పిలిచేది. రెండోరోజు నేను పోయి ఏమీ మాట్లాడకుండా సూదులన్నీ తీసుకొని దారాలు ఎక్కించి వరుసగా గుచ్చిపెట్టాను. వద్దనలేదు. మూడోరోజు నేనూ ఒక అంచు పట్టుకున్నాను. కుట్లు నేర్పే ఉద్యోగం నాది. పైపొర తప్ప కింది పొర తగలకుండా జానెడు కుట్టాను. పక్కింటి బాలమణి దాన్ని ఎత్తి అందరికీ చూపించింది. “సేవికమ్మ కుట్టిన బొంతల పండుకుంటే పండుకున్నోళ్లు ఇటు, బొంత అటు పోతది!” అంది. సత్తెమ్మ కూడా నవ్వింది. నర్సవ్వ నా కుట్టంతా విప్పి, నా వేలు పట్టుకొని కింది పొర ఎక్కడ తగులుతుందో చూపించింది. నెలల తర్వాత ఆమె చెయ్యి నాకు తగిలింది అప్పుడే.

ఇంకో రెండు రోజులకు అడిగే ధైర్యం వచ్చింది. పొడి ఇంట్లో ఎట్లా కలిపారు అన్నాను. “నువ్వు జూపినట్టే,” అంది బాలమణి. వానకు బావినీళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ నీళ్లతోనే కలిపారు. నేను బ్లాకులో ఉన్న ఆ వారం రోజులూ వాడకట్టులో పిల్లలందరికీ విరేచనాలు. బాలమణి కొడుకు మూడు రోజులు కండ్లు తెరవలేదు. యాదమ్మ అప్పటినుంచి తిండి సరిగా తినలేదు. ఎవరూ నన్ను తిట్టలేదు. రావడం మానేశారు, అంతే.

సూది కింద పెట్టి, తప్పు నాదేనని చెప్పాను. నీళ్లు కాగబెట్టాలని నాకు తెలుసునని కూడా చెప్పాను.

“తెల్సి ఎందుకు జెప్పకపోతివి?” అంది నర్సవ్వ.

“కట్టెలు మండలేదవ్వా. జల్దీ అయిపోవాలని చూసిన.”

బాలమణి మొహం తిప్పుకొని కుడుతూనే ఉంది. చివరకు నర్సవ్వే అంది. “సరే. నీ డబ్బా తేవద్దు. మా ఇంట్ల ఏమున్నదో గదే వండు. పిల్లకు పెట్టేముందు నాకు జెప్పు.”

ఆ ఇంట్లో జొన్నలు, పెసర్లు, పల్లీలు, బెల్లం ఉన్నాయి. జొన్నలు, పెసర్లు విడివిడిగా దోరగా వేయించాం. పల్లీలు వేయించి పొట్టు తీశాం. మూడూ కలిపి నర్సవ్వ విసుర్రాయిలో మెత్తగా విసిరింది. ఆ పిండి పిడికెడు తీసుకొని, ఉండలు కట్టకుండా చల్లనీళ్లలో కలిపి, మరిగే నీళ్లలో పోసి, బాగా ఉడికాక బెల్లం వేయడం, అంతే. అదొక పూట. ఇంకో పూట మెత్తటి పెసరపప్పులో లేత మునగాకు. రెండు పెట్టలు గుడ్లు పెడుతున్నాయి కాబట్టి రోజూ ఒకటి ఉడకబెట్టి చిదిమి పెట్టాం. కొంచెం కొంచెంగా, రోజుకు ఐదుసార్లు. సత్తెమ్మ పనిలో మరిచిపోతే నర్సవ్వ బొంత కాడినుంచే కేకేసేది. అంగడి రోజు అందరం బండి కట్టుకొని మోత్కూర్ దవాఖానకు పోయాం. డాక్టరు మందులు ఇచ్చి, పెడుతున్న తిండి ఆపవద్దన్నాడు.

పది రోజులకు నీరు తీసింది. నీరు తీస్తే పిల్ల బాగుపడినట్టు కనబడుతుందని అనుకుంటాం. అట్లా కాదు. వాపు పోయేసరికి లోపల ఉన్న ఎముకలు బయటపడ్డాయి. “పిల్ల ఎండిపోతాంది, ఏం జేస్తివే!” అని నర్సవ్వ గొల్లుమంది. ముందు ఇట్లాగే అవుతుందని డాక్టరు నాతో అన్నాడు. ఆ మాటే ఆమెకు చెప్పాను. ఆ నాలుగు రోజులు నేను వేరే వాడకట్టులకు పోలేదు. వాకిట్లోనే కూర్చొని కుట్టాను.

ఐదోరోజు మధ్యాహ్నం నర్సవ్వ ఉడికిందో లేదో చూద్దామని పిల్ల గిన్నెలోంచి కొంచెం నోట్లో వేసుకుంది. యాదమ్మ కీచుమని అరిచి, అవ్వ చెయ్యి లాగి కొరికింది. రెండు నెలలుగా ఆ పిల్లకు కోపం కూడా రాలేదు. నర్సవ్వ కొరికిన చెయ్యి అందరికీ చూపిస్తూ, “చూడుండ్రే, నా మనుమరాలు కొరికింది!” అని ఏడ్చింది, నవ్వింది. బాలమణి అప్పటికి నాతో మాట్లాడటం లేదు. ఆ సాయంత్రం తన చిన్నబిడ్డను చంకనేసుకొని వచ్చి, ఆ పిండి ఎట్లా విసరాలో చెప్పమంది.

నెలాఖరున ముఖ్యసేవిక తనిఖీకి వచ్చింది. యాభై దాటిన మనిషి, ముక్కుసూటిగా మాట్లాడేది. కుట్టుపని రిజిస్టరు ఖాళీగా ఉంది, వాకిట్లో బొంత ఉంది. ఇది మన పాఠాల్లో లేదు కదా అంది. నేను డైరీ తెరిచి, వానకాలం నాటి పేజీ తీసి, జరిగినదంతా చెప్పాను. నా ఉద్యోగం అప్పటికింకా పక్కా కాలేదు. ఆమె రెండుసార్లు చదివి, “ఇది నా నోటితో కాదు, నీ చేతిరాతతోనే బి.డి.ఓ. గారికి పోవాలి,” అంది. రాసి ఇచ్చాను. సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. జవాబిచ్చాను. నా ప్రొబేషన్ ఆరునెలలు పెంచారు. తర్వాతి సమావేశంలో ముఖ్యసేవిక, పొయ్యి మండకపోతే ప్రదర్శన రద్దు చేయాలని గ్రామసేవికలందరికీ చెప్పింది. తనిఖీకి వచ్చిన రోజు పోయేముందు ఆమె బొంత మీద కూర్చొని నాలుగు కుట్లు వేసింది. నర్సవ్వ అవి విప్పలేదు.

సత్తెమ్మకు మగపిల్లవాడు పుట్టాడు. యాదమ్మ ఆ బొంత మీద తమ్ముడికి జాగా ఇవ్వనని పేచీ పెట్టేది. నేను ఆ ఊళ్లో ఇంకా మూడేండ్లు ఉండి జడ్చర్ల వైపు బదిలీ మీద పోయాను.

తర్వాత ముఖ్యసేవికనై, కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేటప్పుడు రెండు విషయాలు చెప్పేదాన్ని. ఒకటి, ఆ ఇంట్లో ఏమి గింజలున్నాయో చూసిన తర్వాతే వంట ఎంచుకోవాలి. రెండోది, వండి చూపించిన రోజుతో ప్రదర్శన పూర్తి కాదు. మూడోరోజు ఇల్లిల్లూ తిరిగి, పిల్లలు తిన్నారా, తిన్నది అరిగిందా అని అడగాలి. ఎవరూ తిట్టడం లేదంటే పని బాగా జరిగిందని కాదు. అట్లాంటప్పుడు ముందుగా రావడం మానేసినవాళ్ల ఇండ్లకే పోవాలి.