మా పేటకు నీళ్ళు తేలేకపోయిన ఎమ్మెల్యే గారు

నా పేరు సువార్తమ్మ. వయసు డెబ్భై దాటి కొన్నేళ్ళయింది. ఎన్నేళ్ళో రాసిపెట్టిన వాళ్ళు లేరు. అమెరికాలో అరోరా అనే ఊళ్ళో నా కూతురు గ్రేసు, అల్లుడు, మనవరాలు, నేను ఒకే ఇంట్లో ఉంటున్నాం. నాకు చదువు లేదు. నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోనని దానికి ముందే చెప్పాను.

మా ఎమ్మెల్యే గారు పోయారు. మంగళవారం పొద్దున్నే ఆయన కూతురు ఫోన్ చేసి, "పెద్దమ్మా, నాన్న లేవలేదు" అంది. నేను పొయ్యి కట్టేశాను.

ఈ ఆదివారం ఇక్కడి మనవాళ్ళు సంతాప సభ పెడుతున్నారు. ఆయన పార్టీ అబ్బాయిలు ఇద్దరు నిన్న మా ఇంటికి వచ్చారు.

"అమ్మమ్మ గారూ, స్టేజ్ మీద టూ మినిట్స్ మాట్లాడితే చాలు. సర్ మీ ఊరికి డ్రింకింగ్ వాటర్ తెచ్చారని చెప్పండి. వీడియో తీసి ఇండియాలో మన వాట్సాప్ గ్రూపుల్లో పెడతాం."

"ఆయన తేలేదు గదయ్యా" అన్నాను.

"అట్లా అంటే ఎలా అండీ? అవతలి పార్టీ వాళ్ళు క్రెడిట్ అంతా కొట్టేస్తున్నారు."

"తెచ్చింది వాళ్ళేగా!"

"పోయిన మనిషి గురించి మంచే చెప్పాలి కదా."

"మంచే చెబుతా. అబద్ధం చెప్పను."

వాళ్ళు నా కూతురి వైపు తిరిగారు. "ఆంటీ, మీరైనా కన్విన్స్ చేయండి."

"పుట్టినప్పటి నుంచీ ట్రై చేస్తున్నాను బాబూ" అంది నా కూతురు.

ఈ సంగతి రెండు నిమిషాల్లో చెప్పేది కాదు. అందుకే రాయిస్తున్నాను.

మాది ప్రకాశం జిల్లా మెట్ట. ఊరికి అవతల ఉంటుంది మా పేట. మా బోరు నీళ్ళు తాగితే పిల్లల పళ్ళు పచ్చబడతాయి, పెద్దల మోకాళ్ళు వంగవు. మంచినీళ్ళు కావాలంటే పొరుగూరి బావి నుంచి మోసుకోవాలి. ఆయన మొదటిసారి ఓట్లకు వచ్చినప్పుడు, మా వదిన అప్పుడే దించిన బిందెలోంచి చెంబుడు నీళ్ళు ఇచ్చింది. తాగారు. గెలిస్తే నీళ్ళు తెస్తానన్నారు. గెలిచారు. నీళ్ళు రాలేదు. ఎప్పుడడిగినా "చూద్దాం" అనేవారు.

ఇంకో సంగతి. గెలిచాక ఎన్నిసార్లు వచ్చినా మా పేటలో ఆయన నీళ్ళు ముట్టలేదు. ఎవరిచ్చినా "వద్దమ్మా" అని చేతులు జోడించేవారు. మేమేం అనుకుంటాం? ఓట్లప్పుడు తాగాడు, సీటు వచ్చాక మా కులం గుర్తొచ్చింది అనుకున్నాం. ఒకసారి ఖాళీ బిందె పెట్టుకుని ఆయన జీపుకు అడ్డం కూర్చున్నాను.

"మా చేతి నీళ్ళు పనికిరావు గానీ మా చేతి ఓట్లు పనికొచ్చినయ్యా?" అని అడిగాను.

ఆయన జీపు దిగి ఎండలో నిలబడ్డారు. పోలీసులు నా మీదికి రాబోతే ఆపారు. రెండోసారి కూడా గెలిచారు. మూడోసారి ఓడిపోయారు. ఆ మూడోసారి మా పేట ఓట్లు ఆయనకు పడలేదు. నాదీ పడలేదు.

మళ్ళీ చూసింది ఇక్కడే, అరోరాలో ఇండియన్ స్టోర్‌లో. నేను గోంగూర కట్టలు ఏరుతున్నాను. ఎదురుగా ఊలు టోపీ పెట్టుకున్న ముసలాయన సామాను బండి తోసుకుంటూ, ఎదురైన ప్రతి మనిషికీ నమస్కారం పెడుతున్నారు. నన్ను చూసి ఆగారు.

"జీపుకు అడ్డం కూర్చుంది నువ్వే గదమ్మా?"

"మళ్ళీ కూర్చోమంటారా?" అని నా బండి ఆయన బండికి అడ్డం పెట్టాను. ఆయన గట్టిగా నవ్వారు.

భార్య పోయాక కూతురి దగ్గరికి వచ్చేశారట. ఇల్లు మా వెనక వీధే. సాయంత్రాలు పార్కులో నడిచేవాళ్ళం. ఎక్కడ కారు హారన్ మోగినా తననే పిలిచారనుకుని చెయ్యెత్తేవారు. బెంచీ దగ్గరికి ఎవరొచ్చినా లేచి నిలబడి "ఏం పని మీద వచ్చారు?" అనేవారు. వీసా గొడవైనా, కోడలి గొడవైనా చివరిదాకా వినేవారు. విని, "నా చేతుల్లో లేదమ్మా" అనేవారు. "చూద్దాం" అన్న మాట ఆయన నోట ఇక్కడ నేను వినలేదు.

ఒకరోజు ఎండగా ఉందని మా ఇంటికి తీసుకొచ్చి మంచినీళ్ళు ఇచ్చాను. "వద్దమ్మా" అన్నారు. మళ్ళీ అదే మాట! నాకు ఒళ్ళు మండింది.

"ఏందయ్యా, సముద్రం దాటొచ్చినా మా నీళ్ళు మైలేనా?"

ఆయన ముఖం పాలిపోయింది. "మీరంతా అట్టా అనుకున్నారా?"

"ఇంకెట్టా అనుకుంటాం?"

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. "ఆ మొదటిసారి నేను తాగతా ఉంటే, ఒక పిల్ల నా చెంబు వంకే చూస్తా నిలబడిందమ్మా. చెంబు కింద పెట్టిందాకా చూసింది. నీళ్ళు తెచ్చినాకే మీ చేతి నీళ్ళు తాగాలనుకున్నా."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెబితే అదీ ప్రచారం కిందికే పోద్ది."

"మరి నీళ్ళెందుకు తేలేదు?"

"మా ముఖ్యమంత్రి గారి గది బయట గంటలు గంటలు కూర్చునేవాణ్ణి. ఆయన చూద్దాం అనేవారు. నేనొచ్చి మీకు చూద్దాం అని చెప్పేవాణ్ణి. పైపులు పక్క నియోజకవర్గానికి పోయినయ్, అక్కడ మంత్రి ఉండాడు. గట్టిగా అడిగితే నా టికెట్ పోద్దని భయపడ్డానమ్మా."

నేను వెంటనే నమ్మలేదు. ఎంతైనా నాయకుడి మాట. గ్లాసులో నీళ్ళు తీసుకెళ్ళి మొక్కకు పోశాను. ఆ పిల్ల ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. మా పేటలో అట్లా చూడని పిల్ల లేదు.

పోయిన చలికాలం మా వదిన వీడియో కాల్ చేసింది. ఆయన పార్టీని ఓడించి వచ్చిన ప్రభుత్వమే మా పేటలో ఇంటింటికీ కుళాయి వేసింది. వదిన కుళాయి తిప్పి చూపిస్తూ ఫోను తడిపేసుకుంది. నేను ఆయనకు ఫోన్ చేసి కాస్త ఎత్తిపొడుపుగానే చెప్పాను: "మీరు తేలేదు గానీ మీ పగవాళ్ళు తెచ్చారయ్యా."

కాసేపటికి తలుపు చప్పుడైంది. బయట మంచు పడుతోంది. గుమ్మంలో ఆయన, వెనక ఆయన కూతురు. "ఆగట్లేదు పెద్దమ్మా, షూస్ కూడా వేసుకోలేదు" అంది. ఆయన ఇంటి చెప్పులతోనే మంచు తొక్కుకుంటూ నేరుగా మా వంటింట్లోకి వచ్చేశారు.

"ఇప్పుడు పొయ్యమ్మా."

"ఇవి మా పేట నీళ్ళు కాదు గదయ్యా, అరోరా నీళ్ళు."

"నీ చేతి నీళ్ళేగా."

"తెచ్చింది వాళ్ళు. మీకెందుకింత సంబరం?"

"ఎవరు తెస్తే ఏందమ్మా, వచ్చినయ్ గదా."

స్టీలు గ్లాసు నిండా పోశాను. ఆయన ఎత్తి పోసుకోలేదు. పెదవి ఆనించి, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుని, మొత్తం తాగారు. చలిలోంచి వచ్చిన కళ్ళద్దాలు మసకబారాయి. తుడుచుకోలేదు. ఆ రోజు నమ్మాను.

కాబట్టి ఆదివారం ఆయన నీళ్ళు తెచ్చారని ఎవరూ చెప్పబాకండి. తేలేదు. తేలేదని నా ముఖం మీద చెప్పిన నాయకుడు నాకు ఆయనొక్కరే దొరికారు. ఉన్న ఆ ఒక్కణ్ణి కూడా మిగతావాళ్ళలో కలిపేయకండి.

ఇందాక ఆయన కూతురు వచ్చింది. ఇదంతా చదివించి, "కోపమొచ్చిందా అమ్మా?" అని అడిగాను.

"నాన్న ఉంటే ఆయనే సంతకం పెట్టేవారు పెద్దమ్మా. పెన్ను ఇలా ఇవ్వండి" అంది.

సంతకం పెట్టి, లేచి వెళ్ళి వంటింట్లో సింకు దగ్గర నిలబడింది. ఆ రోజు వాళ్ళ నాన్న నిలబడిన చోటే. అప్పుడు అక్కడ ఆయన చెప్పుల కింది మంచు కరిగి చిన్న మడుగైంది. గుడ్డ తీసుకుని వంగబోయిన నా కూతుర్ని నేనే ఆపాను. సాయంత్రానికి దానంతట అదే ఆరింది.

సువార్తమ్మ నిశానీ: ఎడమ బొటనవేలి ముద్ర, మనవరాలి నీలం రంగుతో వేసినది.

సాక్షులు:
గ్రేసు, కూతురు. రాసింది నేనే, ఏమీ మార్చలేదు.
మాధవి, ఎమ్మెల్యే గారి కూతురు.